ఊరి లెక్క చెప్పిన పాట

పాట కట్టి, తామే పాడేవాళ్ళ కోసం ఈ సంచిక. ముందుగా గుర్తొచ్చింది పాలమూరు గౌరారం బిడ్డ గోరటి వెంకన్న. 2002లో ‘కుబుసం’ సినిమాకెక్కిన ఆయన పల్లె పాట, సినిమా మరిచిపోయినవాళ్ళకూ నోటికొచ్చు. దాన్ని ఊరి మీద బెంగ అంటారు చాలామంది. నాకైతే అది దివాలా లెక్క: కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె, ఎవరి పని ఎలా ఆగిందో వరసగా చెబుతుంది. ఏడుపొక్కటే అయితే ఇన్నాళ్ళు నిలిచేది కాదు.

ఆయన కవితల పుస్తకం ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. (అయినా ఆయన్ని చదివినవాళ్ళకన్నా విన్నవాళ్ళే ఎక్కువ!)

బాణీ అచ్చుకు లొంగదు. అందుకే లోపల పాటలు వేయలేదు. పాటగాళ్ళ మాటలే వేశాం: ఊరు, ఇల్లు, మేళం, చేతికందని ప్రోగ్రాం డబ్బులతో సహా.