పద్దెనిమిదికీ ముప్ఫైకీ నడుమ

పేదింట్లో గుండె జబ్బు వస్తే ప్రభుత్వం అసలు పట్టించుకోదనడం న్యాయం కాదు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని పరీక్షించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీకి, బడికి డాక్టర్లే వచ్చి చూస్తారు. సిద్దిపేట జిల్లా కొండపాకలో పిల్లలకు పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రి వెలిసింది. ముప్ఫై దాటితే బీపీ, షుగర్ పరీక్షల కోసం ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పేరు రాసుకుంటుంది. నడుమ పన్నెండేళ్లు మిగిలిపోయాయి. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి పక్క పల్లెలో బీడీలు చుట్టే ఇరవై నాలుగేళ్ల కోడలైనా, కామారెడ్డి దుకాణంలో పనిచేసే పిలగాడైనా ఈ పన్నెండేళ్లలోనే ఉంటారు. వాళ్ల గుండె ఎట్లా కొట్టుకుంటోందో ఓసారి విని చూడాలన్న బాధ్యత ఈ రెండు పరీక్షల కార్యక్రమాల్లో దేనికీ లేదు. ఆ ఇళ్లను ముంచే అప్పు ఆపరేషన్ రోజున పుట్టదు. దానికి ముందూ వెనకా ఎవరూ లెక్కగట్టని ఏళ్లలో పెరుగుతుంది.

ఈ వయసులో వాల్వులు చెడిపోవడానికి మన దేశంలో ఒక ముఖ్య కారణం రుమాటిక్ గుండె జబ్బు. బడి వయసులో గొంతునొప్పి వస్తుంది, సరైన మందు పడదు. కొన్నాళ్లకు జ్వరం, కీళ్లవాపు వచ్చి పోతాయి. ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందనుకుంటారు, లోపల వాల్వుకు మచ్చ మిగులుతుంది. అప్పుడే పట్టుకుంటే మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూదితో చాలామందిలో అది ముదరకుండా చూడొచ్చు. లేదంటే ఇరవైల్లో బయటపడుతుంది. నీళ్ల బిందెతో నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. ఆడవాళ్లలో చాలాసార్లు గర్భంతో ఉన్నప్పుడే తెలుస్తుంది. ఒంట్లో రక్తం పెరిగేసరికి ఇరుకైన వాల్వు తట్టుకోలేదు. చవకైన సూదితో ఆగాల్సిన జబ్బు అట్లా ఆపరేషన్ బల్ల దాకా వస్తుంది.

పేదల చికిత్స ఖర్చు పది లక్షల దాకా భరించే ఆరోగ్యశ్రీ పథకం ఉంది కదా, ఇంకేం కావాలని అడగొచ్చు. 2023 డిసెంబరు 9న పథకం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆ మేలు కాదనలేనిది. కానీ చెల్లింపు జాబితాలోని చికిత్సకు, ప్యాకేజీ మేరకే జరుగుతుంది. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు 2025 సెప్టెంబరులో సేవలే ఆపేశాయి. ఆపరేషన్ గట్టెక్కినా, లోహపు వాల్వు వేస్తే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ మోతాదు సరిచూసుకోవాలి. మందు తగ్గితే వాల్వు మీద గడ్డ, పక్షవాతం. ఎక్కువైతే రక్తస్రావం. మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ పరీక్షకు పోయిన రోజు కూలి పోయినట్టే. రోగ నిర్ధారణకు ముందు తిరిగిన తిరుగుళ్లకే 2 లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 6 వేలు. అసలు అట్లాగే ఉంటుంది.

ముఖ్యమంత్రి సహాయనిధి ఉందంటారు. సాధారణంగా ముందు బిల్లు కట్టాలి, తర్వాత దరఖాస్తు, ఆ తర్వాత చెక్కు. అప్పటిదాకా మిత్తి ఆగదు. చరిత్ర కూడా చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఈ నిధి నుంచే 55 వేలకు పైగా కేసులకు 168 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఒక్కొక్కరికీ చెక్కు రాసే బదులు అందరికీ వర్తించే పద్ధతి కావాలన్న గ్రహింపుతోనే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషన్ విషయంలో నాడు వేసిన అడుగే, ఆపరేషన్ తర్వాతి ఏళ్ల విషయంలో నేడు వేయాలి. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాది ఫాలోఅప్ ఉంది. లోహపు వాల్వు ఏడాదికి సరిపెట్టుకోదు.

ఇక ఆపరేషన్‌కు ముందు ఏళ్ల సంగతి. జబ్బును ముందే పట్టుకోవడానికి యువతీయువకులందరికీ ఎకో (గుండె స్కాన్) తీయడం దుబారా అన్న అభ్యంతరం సబబే. అందరికీ అక్కర్లేదు. కాలేజీలో చేరేటప్పుడు, గర్భిణి పేరు నమోదయ్యేటప్పుడు స్టెతస్కోపుతో శ్రద్ధగా రెండు నిమిషాలు వింటే చాలు. తేడా వినిపించిన కొద్దిమందికే ఎకో. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. గుండె చప్పుళ్లు గుర్తుపట్టడం నేర్చుకునే విద్యార్థులు, నేర్పే అధ్యాపకులు జిల్లాలోనే ఉన్నారు. ఐఎన్‌ఆర్‌ను వేలి కొసన చుక్క రక్తంతో నిమిషాల్లో చెప్పే చిన్న యంత్రాలు వచ్చాయి. అలాంటిదొకటి ఎల్లారెడ్డి ఆసుపత్రిలో పెట్టి, మాత్రలు అక్కడే ఉచితంగా ఇవ్వాలి. వాల్వు మార్పించుకున్న కోడలు పొద్దున పరీక్ష చేయించుకుని, మధ్యాహ్నానికి మళ్లీ బీడీల చాట ముందు కూర్చోగలిగితే, ఆ నెలకు కొత్త అప్పు పుట్టదు.