పన్ను పీకించే ముందు కుర్చీ దిగండి

‘ఈ పన్ను ఇక పనికిరాదు, ఇవాళే తీసేసి ఇంప్లాంట్ వేసేద్దాం, ఈ వారం ఆఫర్ కూడా ఉంది’ అని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. నొప్పికి మందు రాయించుకోండి. ఎక్స్‌రే అడిగి తీసుకుని, మరో డాక్టరుకు చూపించండి. పీకాక మనసు మార్చుకునే వీలుండదు.

ఇంప్లాంట్ మంచి వైద్యమే. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు తొలి రోగికి టైటానియం మరలు అమర్చినప్పటి నుంచి, పళ్లు ఊడిపోయిన ఎంతోమందికి అది మేలు చేసింది. మా ఆందోళనంతా బతికించగల పన్నును తీసేసి ఆ ఖాళీలో దాన్ని బిగించడం గురించే.

పుచ్చు లోపలి నరం దాకా పాకినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఒంటి పన్ను విషయంలో ఈ రెండు వైద్యాలనూ పోల్చిన సమీక్షల్లో, అటు పన్నూ ఇటు ఇంప్లాంటూ ఇంచుమించు సమానంగానే నిలిచాయి. పైగా సొంత పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే సన్నని పోగులుంటాయి. అన్నంలో ఇసుక రేణువు తగిలినా చటుక్కున తెలిసేది చాలావరకు వాటివల్లే. ఇంప్లాంటుకు అవి లేవు, అది నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. అలా అతుక్కోవడానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. దానికి పుచ్చు పట్టదు, నిజమే. కానీ చుట్టూ చిగురు చెడి ఎముక కరగవచ్చు. సిగరెట్ మాననివారికి, షుగర్ అదుపులో లేనివారికి ఆ ముప్పు ఎక్కువ. ఎముకల బలానికి ఇంజెక్షన్లో మాత్రలో వాడుతున్నవారు పన్ను పీకించుకోకముందే ఆ సంగతి చెప్పి తీరాలి.

రోగుల తప్పూ ఉంది. రూట్ కెనాల్ కాగానే నొప్పి పోతుంది, ఇక క్యాప్ ‘పండగ తర్వాత చూద్దాంలే’. అలా వదిలేసిన దవడ పన్ను ఏ చెకోడీ కొరికినప్పుడో నిలువునా చీలుతుంది. అప్పుడు పీకక నిజంగానే తప్పదు.

పుచ్చు చిగురు కిందికంటా దిగి క్యాప్ పట్టుకోవడానికి పన్నే మిగలకపోయినా, చుట్టూ ఎముక చాలావరకు కరిగి పన్ను ఊగిపోతున్నా తీయాల్సి రావచ్చు. మీ పన్నుది వీటిలో ఏ పరిస్థితో చూపించమనండి. చీలిక ఎక్స్‌రేలో ప్రతిసారీ కనిపించదు, కనుక దాన్ని ఎలా తేల్చారో అడగండి. అడిగితే విసుక్కునే చోట పన్ను అప్పగించకండి. రెండో మాట రూట్ కెనాల్‌లోనే ఎండీఎస్ చేసిన ఎండోడాంటిస్ట్ చెబితే మేలు. ఖర్చుకు వెనకాడేవారికి హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి.

ఆగమన్నాం కదా అని అన్నింటికీ ఆగకండి. ముఖం వాచి వాపు మెడకు దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరో కష్టమైనా, జ్వరం తోడైనా అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.