ఇచ్చే సొమ్ము కాదు, పంట ధర అడుగుదాం



2024 మే 13న పోలింగ్. అసెంబ్లీకి ఒక ఓటు, పార్లమెంటుకు ఒక ఓటు. మన తోతాపురి కాయ జ్యూస్ ఫ్యాక్టరీల గేటు ముందు క్యూ కట్టేది జూన్‌లో. జూన్ 4కే ఓట్ల లెక్కింపు అయిపోతుంది. కాయకు ధర కట్టేనాటికి మన చేతిలో ఓటు ఉండదు. అడగాల్సింది ఇప్పుడే అడగాలి.

రైతు భరోసాను 13,500 నుంచి 16,000 చేస్తామని 2024 ఎన్నికల్లో వైసీపీ అంది. ఏడాదికి 20,000 ఇస్తామని తెలుగుదేశం కూటమి అంది. ఇస్తే తీసుకుందాం, అది మన పన్నుల డబ్బే. కానీ లెక్క వేయండి. ఐదు టన్నుల కాయ తోలిన రైతుకు కిలోకు 4 రూపాయలు తగ్గితే చాలు, ఆ 20,000 అక్కడే పోయింది.

ధర సంగతి ఢిల్లీలో ఎవరు ఏం చేశారో చూద్దాం. సాగు ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. 2014 దాకా గద్దె మీదున్న కాంగ్రెస్ అమలు చెయ్యలేదు. 2014లో బీజేపీ ఇస్తామని మేనిఫెస్టోలో రాసింది, మరుసటి ఏడాదే కుదరదని సుప్రీంకోర్టుకు చెప్పింది. 2020లో మూడు సాగు చట్టాలు తెస్తే పార్లమెంటులో వైసీపీ మద్దతు పలికింది. రైతులు ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో ఎండకూ చలికీ కూర్చుంటేనే అవి రద్దయ్యాయి. ఇప్పుడు తెలుగుదేశం, జనసేన అదే బీజేపీతో పొత్తులో ఉన్నాయి. మద్దతు ధరకు చట్టం చేస్తామని కాంగ్రెస్ 2024లో రాసింది. బీజేపీ 2024 మేనిఫెస్టోలో ఆ మాటే లేదు.

ఆ చట్టం వచ్చినా మన జిల్లాకు సగం న్యాయమే. కేంద్రం మద్దతు ధర 22 పంటలకే. అందులో వరి ఉంది, వేరుశనగ ఉంది. టమోటా లేదు, మామిడి లేదు, పాలు లేవు. చెరకుకు కేంద్రం రేటు చెబుతుంది సరే, ఆడించే ఫ్యాక్టరీ ఏది? చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఎస్వీ షుగర్స్ మూతబడ్డాయి. ఈ ఇద్దరి ప్రభుత్వాల్లోనూ ఆ తాళం తాళంగానే ఉంది.

కాబట్టి ఓటు అడగ వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఊరందరి ముందర ఈ మూడు మాటలు అడగండి:

1. మద్దతు ధర చట్టం కోసం పార్లమెంటులో ఓటేస్తారా? పార్టీ వద్దంటే ఏం చేస్తారు?

2. మామిడి, టమోటా సీజన్‌కు ముందే ధర ప్రకటించి, అంతకు తగ్గించి కొనేవారిపై చర్య తీసుకుంటారా?

3. సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఏ సంవత్సరంలో తెరుస్తారు?

జవాబు రాసుకోండి, తేదీ వేసుకోండి. 'చూద్దాంలే' అన్నవారికి మనమూ అదే మాట చెబుదాం.

రేటు కోసేటప్పుడు మండీ మన కులం అడగదు, ఫ్యాక్టరీ మన పార్టీ అడగదు. అందరినీ ఒకేలా కోస్తాయి. కులానికో, రాత్రిపూట చేతిలో పెట్టే నోటుకో ఓటేస్తే ఆ కోతకు మనమే కత్తి ఇచ్చినట్టు. ధరకు మాటిచ్చినవారికే ఓటు. గెలిచాక ఆ మాట వసూలు చేసే పని సంఘానిది, అంటే మనందరిదీ.