తాతయ్య గొంతూ... ఫ్యాను హోరూ!

‘ఒరేయ్, తాతయ్య ఉప్పెన గురించి చెప్పిన వీడియో నీ దగ్గరే ఉంది కదా. సంవత్సరీకానికి అందరూ వస్తున్నారు. కాస్త బాగుచేసి పట్టుకురా’ అని ఫోన్ చేసింది పెద్దమ్మ.

2019 మే నెలలో అవనిగడ్డలో నా సెల్‌ఫోన్‌తో తీసిందది. పదకొండు నిమిషాలు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడిన నాటి సంగతి తాతయ్య నోట వినడానికి మాకు మిగిలింది అదొక్కటే. బొమ్మ బాగానే ఉంది. మాటే... పైన ఫ్యాను, పక్కన కూలరు, మధ్యలో వంటింట్లో పళ్లెం పడిన చప్పుడు. ఫ్యాను ఆపి తీయాల్సింది అంటారా? మే నెలలో దివిసీమలో కూర్చుని చెప్పండి ఆ మాట!

పెళ్లి వీడియోలూ పిల్లల డాన్సులూ ఇంట్లోనే ఎడిట్ చేసుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఆడియో ఎఫెక్టులు సరిపోతాయా, శబ్దం కోసమే వేరే కంపెనీలు చేసే ప్లగిన్లు కొనాలా? 1996లో జర్మనీ సంస్థ స్టైన్‌బర్గ్ ‘వీఎస్‌టీ’ అనే పద్ధతి తెచ్చింది. ఒకరి సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకరి ఎఫెక్టును తగిలించుకోవడం దాంతో తేలికైంది. ఇటు ఎడిటింగ్ కంపెనీలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సిడ్నీలో 1975లో పుట్టిన ఫెయిర్‌లైట్ ఆడియో రంగంలో పెద్ద పేరు. దాన్ని 2016లో బ్లాక్‌మ్యాజిక్ కొనేసి, మరుసటి ఏడాదే తన డావిన్చీ రిజాల్వ్‌లో కలిపేసింది. ఉచితంగా దొరికే రిజాల్వ్‌లోనూ ఆ ఆడియో పేజీ ఉంటుంది.

సరే, నేనూ ముందు ఇంట్లో ఉన్నదాంతోనే మొదలుపెట్టాను. కూలరు మోటారు ‘గుంయ్’ మనే శబ్దం ఇట్టే పోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ గుంయ్ శబ్దం 50, 100, 150... ఇలా లెక్క ప్రకారం దొరుకుతుంది. ఆ మెట్ల దగ్గర మాత్రం కోసేస్తే చాలు. దీనికి రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఫ్యాను అలా కాదు. దాని హోరు కింది నుంచి పై దాకా అన్ని స్థాయుల్లోనూ పరుచుకుని ఉంటుంది. నాయిస్ రిడక్షన్ మీటను ఆశకొద్దీ చివరిదాకా లాగాను. హోరు మాయం. దాంతోపాటు తాతయ్య ‘స’ కూడా మాయం! ‘సముద్రం’ కాస్తా ‘అముద్రం’ అయింది. స, శ లాంటి అక్షరాలు నిజానికి గాలి చప్పుళ్లే. సాఫ్ట్‌వేర్‌కు అవీ ఫ్యాను గాలీ ఒకలాగే కనిపించాయి. మిగిలిన గొంతేమో నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా చేతిది. మీటను సగానికి తగ్గించి, 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కత్తిరిస్తే ‘స’ తిరిగొచ్చింది. కొంచెం హోరు మిగిలింది. మిగలనివ్వండి.

ఇక మిగిలినవి రెండు. పళ్లెం చప్పుడు ఒకటి. ‘పరుగెత్తండిరా’ అని తాతయ్య గొంతెత్తిన చోట మాట పగిలిపోవడం రెండోది. వీటి దగ్గర మాత్రం నా దగ్గరున్న ఎఫెక్టులు చేతులెత్తేశాయి. ఇలాంటి వాటికే పుట్టినవి 2007లో ఐజోటోప్ తెచ్చిన ఆర్ఎక్స్ వంటివి. వీటిలో శబ్దాన్ని బొమ్మలా చూడొచ్చు. గోడ మీద మరక కనిపించినట్టు పళ్లెం చప్పుడు కనిపిస్తుంది. దాని చుట్టూ గీత గీసి తుడిచేయడమే. పగిలిన మాటను అతికే పనిముట్టూ ఉంటుంది. ఇలాంటి వాటిలో పై రకాల ధర మొత్తం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ధరనే మించిపోతుంది. ఏడాదికో వీడియో చేసేవాళ్లు కొనడం దండగని నా అభిప్రాయం. కొన్ని రోజుల ట్రయల్ దొరికేది చూసుకుని పని కానిచ్చాను.

అయిపోయిందనుకుని ప్రాజెక్టును మా బావ కంప్యూటర్‌లో తెరిస్తే పళ్లెం మళ్లీ ఖంగుమంది! ఆ కంప్యూటర్‌లో ప్లగిన్ లేదు మరి. అందుకే బాగుచేసిన ఆడియోను విడిగా వేవ్ ఫైలుగా తీసి పెట్టుకోవాలి. తర్వాత ట్రయల్ గడువు ముగిసినా బెంగ ఉండదు.

సంవత్సరీకం రోజు అందరూ చూశారు. ‘పరుగెత్తండిరా’ దగ్గర ఎవరూ కదల్లేదు. అయ్యాక పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

‘బాగా చేశావురా. కానీ మధ్యలో పళ్లెం పడాలి కదా?’

‘తీసేశాను పెద్దమ్మా.’

‘అది జారవిడిచింది మా అమ్మేరా. వెంటనే అయ్యో అంటుంది. ఆ వీడియోలో అమ్మ మాట అదొక్కటే.’

పళ్లెంతో పాటు ఆ ‘అయ్యో’ను కూడా గీత గీసి తుడిచేశాను. ఒరిజినల్ ఫైలును ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయాను. ఆ రాత్రే దాన్ని కూడా పెద్దమ్మ ఫోన్‌లోకి ఎక్కించాను.