జీతం సమానమే, బతుకు సమానమా?

"మీకేం సార్, ఒకటో తారీఖు జీతం!" ఈ మాట వినని నెల లేదు. వినీ వినీ, ఆ జీతం యాడికి పోతా ఉందో లెక్క రాయాలనిపించింది.

మొదట కోతలు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినోళ్లం కాబట్టి మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో పదో వంతు సీపీఎస్‌కు పోతుంది. వృత్తిపన్ను 200. బీమా, ఆరోగ్య పథకం వేరే. 2019 జూలై నుంచి 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చిన ప్రభుత్వం, 2022 జనవరిలో ఫిట్‌మెంట్ 23 శాతమే అన్నది. ఫిబ్రవరి 3న వేలమంది విజయవాడ రోడ్డెక్కినారు. ఇంతవరకూ కులం లేదు. అందరికీ ఒకటే కోత.

కులం మొదలయ్యేది జీతం బ్యాంకు నుంచి బయటికొచ్చినాక.

పక్క కుర్చీ సారుదీ నాదీ ఒకటే స్కేలు. ఆయనకు తిరుపతిలో తాత కట్టిన ఇల్లుంది. ఊర్నుంచి బియ్యం, బెల్లం, చెనక్కాయలు వస్తాయి. నాకు మొత్తం కొనుక్కోవడమే. కొండమీద 1985 నుంచి అన్నం ఉచితం. కొండకింద మాత్రం ఇల్లు కావాలంటే అడ్వాన్సు కంటే ముందు "మీరు యా కులమోళ్లు?" అని అడుగుతారు. చెప్పగానే టులెట్ బోర్డు అబద్ధమైపోతుంది. ఇచ్చినోడు చెప్పిందే అద్దె.

మా పల్లె నుంచి రుయా ఆసుపత్రికి ఎవరొచ్చినా దిగేది మా ఇంట్లోనే. తమ్ముడి కూతురి ఫీజు, అమ్మ మందులు, నాయన మిగిల్చిపోయిన అప్పు నా జీతంలోనివే. ఇది దానం కాదు. వాళ్ల కూలి, తమ్ముడు మానుకున్న చదువు కలిస్తేనే నేను బీయీడీ అయినాను. ఇది బాకీ.

2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందన్న సుప్రీంకోర్టు తీర్పులో, నలుగురు జడ్జీలు ఎస్సీల్లో కూడా క్రీమీలేయర్ తీయాలన్నారు. ఒకరైతే రిజర్వేషన్ మొదటి తరానికే చాలన్నారు. వర్గీకరణ న్యాయం వేరే చర్చ. క్రీమీలేయర్ పెట్టబోమని కేంద్ర మంత్రివర్గం ఆ నెలలోనే చెప్పింది. అయినా ఆ మాట చావలేదు.

ఆ మొదటి తరం నేనే. నాకు మీగడ యాడుంది?

2019లో 103వ రాజ్యాంగ సవరణతో, రిజర్వేషన్ లేని కులాల పేదలకు 10 శాతం ఇచ్చినారు. పేద అంటే ఏటా 8 లక్షల లోపు ఆదాయం. అంటే నెలకు 66 వేలొచ్చినా ఆ కులాల్లో పేదే. అదే జీతం మా పల్లెలో మీగడ! ఇదేం తక్కెడ?

"మరి మీ పల్లెలో కూలోళ్ల సంగతేంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కొండమీద కాంట్రాక్టు కింద ఊడ్చే మా ఆడోళ్ల ముందు నేను శ్రీమంతుణ్ణే. దాచను. కానీ నా బిడ్డ సీటు పీకితే ఆమె చేతిలో చీపురు పోదు. ఆమె పని పర్మినెంటు కావాలి, ఆమె బిడ్డకు మంచి బడి కావాలి. అయినా రిజర్వేషన్ పేదరికానికి వేసిన మందు కాదు, అంటరానితనానికి. ఇల్లడిగిన రోజు నా పే స్లిప్పు ఎవరూ చూడలేదు. కులమే చూసినారు.

జీతగాళ్లయిన అన్నలారా, అక్కలారా! పాత పెన్షన్ అడిగే గొంతుతోనే, కొండ ఊడ్చే ఆడోళ్ల పర్మినెంటు కూడా అడుగుదాం. వాళ్లను మరిచిన రోజు, మనల్ని మీగడ అన్నోళ్ల మాటే నిజమవుతుంది.

జై భీమ్.