నా విశ్వాసానికి ఓ నాస్తికుడి సాయం

నా క్రైస్తవ విశ్వాసానికి బాగా మేలుచేసిన రచయిత ఎవరని అడిగితే, సి. ఎస్. లూయిస్ పేరు చెప్తాననుకుంటారు అందరూ. ఆయనా గ్రహాంతర నవలలు రాశాడు మరి. కానీ నా ఓటు ఆయనతో ఉత్తరాల్లో వాదన పెట్టుకున్న ఆర్థర్ సి. క్లార్క్‌కి. తన అంత్యక్రియల్లో ఏ మతపు తంతూ ఉండకూడదని రాసిపెట్టి, 2008 మార్చిలో కొలంబోలో కన్నుమూసిన పెద్దమనిషి!

శ్రీహరికోటకి క్లార్క్ పరాయివాడేం కాదు. భూమధ్యరేఖకి పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాన్ని పెడితే ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తుందనీ, అలాంటివి మూడుంటే దాదాపు ప్రపంచమంతటికీ ప్రసారాలు పంపొచ్చనీ 1945లో రాశాడు. జీఎస్సెల్వీ మోసుకెళ్ళే సమాచార ఉపగ్రహాలు చివరికి చేరేది ఆ కక్ష్యకే. 1975లో మన పల్లెలకి ఉపగ్రహం ద్వారా టీవీ చూపించిన 'సైట్' ప్రయోగమప్పుడు, ఇస్రో ఇంజినీర్లు కొలంబోలో ఆయనింటికెళ్ళి యాంటెనా బిగించి వచ్చారు. గురుదక్షిణన్నమాట :)

సరే, అసలు విషయానికొస్తాను. 1955లో క్లార్క్ 'ది స్టార్' అనే చిన్న కథ రాశాడు. (చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి, ముగింపు చెప్పేస్తున్నా.) ఓ జెస్యూట్ ఫాదర్, ఖగోళ శాస్త్రవేత్త కూడా, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాన్ని పరిశోధించడానికి వ్యోమనౌకలో వెళతాడు. ఆ పేలుడులో చక్కగా బతుకుతున్న ఓ జాతి మొత్తం మాడిపోయిందని తెలుస్తుంది. పేలుడు వెలుగు భూమికి ఎప్పుడు చేరిందో లెక్కగడితే, అది తూర్పు దేశపు జ్ఞానులు చూసిన బేత్లెహేము నక్షత్రమే! ఏటా డిసెంబర్లో మనం ఇంటిమీద కాగితంతో చేసి, లోపల బల్బు పెట్టి కట్టేది.

ఈ లెక్క చాలామందికి విశ్వాసం మీద దాడిలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు.

మొదటిది, ఆ ప్రశ్న క్లార్క్ కల్పించింది కాదు. 2004లో సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడే. నెల్లూరు తీరంలో ఇళ్ళమీద నక్షత్రాలు ఇంకా దింపనే లేదు. తమిళనాడులో వేళాంకణి మాత గుడికొచ్చిన యాత్రికులే ఎంతోమంది పోయారు. హిక్కడువాలో క్లార్క్ డైవింగ్ కేంద్రం కూడా కొట్టుకుపోయింది. అలాంటప్పుడు "వాళ్ళ పాపానికి శిక్ష" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. లూకా సువార్త 13వ అధ్యాయం చూడండి. సిలోయములో గోపురం కూలి పోయిన పద్దెనిమిదిమంది మిగతావాళ్ళకంటే పాపులా అని అడిగి, కాదని తేల్చింది యేసే. చచ్చిపోయినవాళ్ళ మీద తప్పు మోపి దేవుణ్ణి కాపాడక్కర్లేదని నాకు అర్థమైంది క్లార్క్ కథ చదివాకే. ఆ తరవాతే లూకా సువార్త నాకు సరిగ్గా వినిపించింది.

రెండోది, ఇంజినీర్లం కాబట్టి మనకి ఇంకా దగ్గరిది. కథలో ఆ ఫాదర్ మనసు కుంగిపోతుంది గానీ లెక్క దిద్దడు. విశ్వాసం కోసం అంకె మార్చడు. ఇప్పుడు మన సంఘాల్లో తిరిగే ఫార్వర్డు ఒకటి చూడండి: నాసా కంప్యూటర్లు లెక్కవేస్తుంటే ఒక రోజు తక్కువొచ్చిందట, అది యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజట! కంప్యూటర్ వెనక్కి లెక్కించేది ఇవాళ్టి గ్రహస్థితుల నుంచి. ఆనాటి ముందు గ్రహాలు ఎక్కడున్నాయో విడిగా రాసిపెట్టిన లెక్క లేకుండా, మధ్యలో రోజు పోయిందని దేనితో పోల్చి చెప్తుంది? రోజంతా కోడ్ రాసేవాళ్ళే దీనికి "ఆమెన్" కొట్టి పదిమందికి పంపుతారు. దేవుడికి మన అబద్ధం అవసరమా అండీ?

శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న మొదటి ఎస్సెల్వీ-3 బంగాళాఖాతంలో పడింది. ఎక్కడ లీకైందో దాచకుండా వెతికి సరిచేశారు. 1980 జులై 18న రోహిణి కక్ష్యలోకి వెళ్ళింది. తప్పుడు రిపోర్టు రాసుంటే రెండోదీ సముద్రంలోనే ఉండేది. విశ్వాసమూ అంతే, అనుకూలమైన డేటా మాత్రమే చూపిస్తే పైకి లేవదు.

2024 జనవరి 1న అక్కణ్ణుంచే వెళ్ళిన ఎక్స్‌పోశాట్ మొదట్లో చూసినవాటిలో కాసియోపియా-ఎ ఒకటి. అదీ పేలిపోయిన నక్షత్రపు శిథిలమే. కథలో ఫాదర్ చేసిన పని ఇప్పుడు మనవాళ్ళ ఉపగ్రహం చేస్తోంది. ఇలాంటి పని మీద ఇష్టమున్న పిల్లలకి "సైన్సా, దేవుడా తేల్చుకో" అని చెప్తే చాలామంది దేవుణ్ణే వదిలేస్తారు, అదీ చెప్పాపెట్టకుండా. నా బాధ అదే.

క్లార్క్ వేసిన ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. యోబుకీ దొరకలేదు, అయినా అతను అడగడం మానలేదు, దేవుణ్ణి వదల్లేదు. మీ ఇంట్లో పిల్లలకి ఈ కథ ఇవ్వండి. చదివాక వాళ్ళు వేసే ప్రశ్నలకి మాత్రం నోరు మూయించకండి.