ఇక్కడ కాపీ... అక్కడ పేస్ట్!

మెట్టుగూడలో శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్‌ ఒకటి ఉందనుకోండి. కంప్యూటర్ కొత్తదే. కానీ ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. వాటికోసం పాత విండోస్ ఎక్స్‌పీని కొత్త విండోస్ లోపలే నడుపుతుంటారు. ఇలా కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ని నడపడమే ‘వర్చువల్ మెషీన్’. బయటిది హోస్ట్, లోపలిది గెస్ట్. పెళ్లివారు మెయిల్లో పంపిన వివరాలను బయట కాపీ చేసి లోపల పేస్ట్ చేయబోతే... ఏమీ రాదు! మళ్లీ టైప్ చేద్దామంటే ఇంటిపేరో, ముహూర్తమో తప్పు పడుతుందని భయం.

తలుపు తీశారా?
హోస్ట్, గెస్ట్‌లు దేని క్లిప్‌బోర్డు దానిదే. రెంటినీ మనమే కలపాలి. వర్చువల్‌బాక్స్‌లో ఈ సదుపాయం మొదట ఆపేసి ఉంటుంది. గెస్ట్ నడుస్తుండగా ‘డివైసెస్’ మెనూలో ‘షేర్డ్ క్లిప్‌బోర్డ్’కి వెళ్లి ‘హోస్ట్ టు గెస్ట్’ ఎంచుకోవాలి. రెండువైపులా కావాలంటే ‘బైడైరెక్షనల్’.

మధ్యవర్తి ఉన్నాడా?
అయినా పనిచేయలేదంటే గెస్ట్‌లో ‘గెస్ట్ అడిషన్స్’ లేనట్టే. డివైసెస్ మెనూలోనే ‘ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్’ నొక్కితే లోపలి మై కంప్యూటర్‌లో ఓ సీడీ కనిపిస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, గెస్ట్‌ని రీస్టార్ట్ చేయాలి. వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్ వేసుకున్నాక క్లిప్‌బోర్డు మొరాయిస్తే దీన్నీ అప్‌డేట్ చేసి చూడాలి. వీఎంవేర్‌లో ఈ పని చేసేది ‘వీఎంవేర్ టూల్స్’.

తెలుగు గజిబిజి
ముందు నోట్‌ప్యాడ్‌లో ఓ ఇంగ్లిషు మాటతో పరీక్షించాలి. అది సరిగ్గా వచ్చి, పేజ్‌మేకర్‌లో తెలుగు మాత్రం ప్రశ్నార్థకాలుగా మారితే తప్పు క్లిప్‌బోర్డుది కాదు. మెయిల్లోని తెలుగు యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికీ ఓ సంఖ్య ఉంటుంది... ‘అ’కు 3077. అను ఫాంట్లేమో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను పెట్టుకున్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్‌తో బయటే మార్చి, ఆ తర్వాత కాపీ చేయాలి. లోపల పేస్ట్ చేశాక అను ఫాంట్ ఎంచుకుంటే సరి.

తలుపు వేయడం మరవద్దు
ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఇవ్వడాన్ని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆపేసింది. క్లిప్‌బోర్డు కలిపి ఉన్నంతసేపూ బయట కాపీ చేసిన బ్యాంకు పాస్‌వర్డు కూడా లోపలికి చేరవచ్చు. అందుకే గెస్ట్‌కి ఇంటర్నెట్ తీసేయాలి. పని కాగానే షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ని ‘డిజేబుల్డ్’ చేయాలి.

చివరగా ఒక్క మాట. కన్వర్టర్లు అప్పుడప్పుడూ ఒత్తులు తారుమారు చేస్తుంటాయి. పేర్లు, తేదీ, ముహూర్తం అసలు మెయిల్‌తో సరిచూసుకున్నాకే శుభలేఖ అచ్చుకు వెళ్లాలి!